‘ఇన్ టుడేస్ మోడ్రన్ ఎరా’ కొట్టేయి, అమ్మాయ్

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. ప్రశ్న కూడా పైన రాసి పంపావు, అది బాగుంది. ప్రశ్న లేకుండా జవాబు మాత్రం పంపి ఎలా ఉందో చెప్పమనేవాళ్లే ఎక్కువ. నగరం నడిబొడ్డుకు సొంత వాహనాలు రానివ్వకూడదని కొందరంటున్నారు, నువ్వు ఎంతవరకు ఒప్పుకుంటావు అని అడిగారు. నువ్వు ట్రాఫిక్ గురించి రాశావు.

గ్రామర్ తప్పులన్నీ దిద్దమన్నావు కదా, దిద్దాను. కాగితాల మీద ఎర్రసిరాతో ఉన్నాయి, చూసుకో. కానీ ఈ తప్పు చుట్టూ సున్నా చుట్టడం కుదరదు కాబట్టి ఉత్తరం రాయాల్సి వచ్చింది. ట్రాఫిక్ అనే మాట కనబడగానే దాని గురించి నీకు తెలిసిందంతా పరుగెత్తుకొచ్చింది: పొగ, హారన్లు, ప్రమాదాలు, చివరికి హెల్మెట్లు కూడా. హెల్మెట్ పెట్టుకోవడానికీ నడిబొడ్డుకు కార్లు రాకుండా ఆపడానికీ ఏమిటి సంబంధం? నువ్వు రాయబోయే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో రెండో టాస్కును, అంటే ఈ వ్యాసాన్ని, నాలుగు కొలతలతో కొలుస్తారు, నాలుగింటికీ సమాన వాటా. అడిగినదానికి జవాబు చెప్పావా, ఆలోచన ఒక దారిలో నడిచిందా, మాటలు తగినవి పడ్డాయా, వ్యాకరణం నిలబడిందా. నువ్వు భయపడుతున్నది నాలుగో దానికి. మార్కులు పోగొట్టుకుంటున్నది మొదటి దాంట్లో.

ఇప్పుడు నీ మొదటి పేరా చూద్దాం. ‘ఇన్ టుడేస్ మోడ్రన్ ఎరా, ట్రాఫిక్ ఈజ్ ఎ బర్నింగ్ ఇష్యూ ఆల్ ఓవర్ ది వరల్డ్. ఎవ్రీ కాయిన్ హాజ్ టూ సైడ్స్.’ ఒక్క గ్రామర్ తప్పు లేదు. ఎలా ఉంటుంది? అవి నీ వాక్యాలైతే కదా! ట్రాఫిక్ తీసేసి ప్లాస్టిక్ పెట్టు, సెల్‌ఫోన్ పెట్టు, ఒంటరితనం పెట్టు, చెక్కుచెదరకుండా సరిపోతాయి. ఇవి షామియానా వాక్యాలు, పెళ్లికీ వేస్తారు, దినానికీ వేస్తారు. పరీక్షకుడు ఇలాంటివి రోజూ చూస్తాడు, చూడగానే గుర్తుపడతాడు.

మూడో పేరాలో ఇంకో వాక్యం ఉంది. ‘ఆఫ్టర్ గెటింగ్ డౌన్ ఎట్ మియాపూర్, ఐ యామ్ పేయింగ్ టు ఆటో మోర్ దేన్ మెట్రో టికెట్.’ ఇందులో తప్పులున్నాయి. అయినా మొత్తం వ్యాసంలో ప్రశ్నకు జవాబు చెప్పింది ఇదొక్కటే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి రెడ్ లైన్ చివరిదాకా వెళ్లి, అక్కణ్ణుంచి బాచుపల్లికి ఆటో మాట్లాడుకునే మనిషికి తప్ప ఇంకొకరికి తట్టని మాట. హైదరాబాద్‌కు మెట్రో 2017లో వచ్చింది కదా, ఇంకా జనం బైకులెందుకు వదలడం లేదు అనేదానికి సమాధానం అందులో ఉంది. బండి ఆపేస్తే సరిపోదు, స్టేషన్ నుంచి ఇంటిదాకా ఉండే ఆ నాలుగైదు కిలోమీటర్లకు బస్సు ఉండాలి. అది ఉంటే ఒప్పుకుంటాను, లేకపోతే ఒప్పుకోను. ‘ఎంతవరకు’ అని వాళ్లడిగింది దీన్నే. ఇంత మంచి మాట పట్టుకుని నువ్వేం చేశావు? దాన్ని అక్కడే వదిలేసి, ‘గవర్నమెంట్ షుడ్ టేక్ నెసెసరీ స్టెప్స్’ అని వెళ్లిపోయావు. ఏ స్టెప్సో చెప్పకుండా గవర్నమెంటును పిలవడం మనవాళ్లందరికీ ఉన్న అలవాటు.

నీ తప్పు నీ ఒక్కదానిదీ కాదు, కొత్తదీ కాదు. వందేళ్ల కిందట తెలుగు పిల్లలు తెలుగులోనే ఈ పని చేశారు. ఇంట్లో ఒక భాష మాట్లాడుతూ, బళ్లో ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో వ్యాసం రాయాల్సి వచ్చేది. అలా రాసేవాడి బుద్ధంతా మాటలు తప్పు పోకుండా చూసుకోవడం మీదే ఉండేది, చెప్పదలచుకున్నది అడుగున పడిపోయేది. వాడుక భాష కోసం గిడుగు వారు చేసిన పోరాటం సంగతి నీకు తెలుసు. మద్రాసు విశ్వవిద్యాలయంలో విద్యార్థుల తెలుగు రచన ఏ భాషలో ఉండాలో తేల్చడానికి ఉపసంఘం వేస్తే, 1914లో గురజాడ దాని నివేదికతో విభేదిస్తూ అసమ్మతి పత్రం ఇచ్చారు. తెలుగు కోసం చేసిన ఆ వాదనను ఆయన ఇంగ్లీషులో రాశారు. దొరికితే చదువు. ఒక తెలుగువాడు తనకు తెలిసిన విషయం మీద, తాను నమ్మిన మాట కోసం వాదిస్తే ఇంగ్లీషు ఎలా నడుస్తుందో కనబడుతుంది. నీ గైడు ఇంగ్లీషు మాత్రం ఈ కాలపు గ్రాంథికం.

సరే, ఎర్రసిరా సంగతికి వస్తాను. తప్పులు చాలా ఉన్నాయని బెంగపడకు. లెక్కకు ఎక్కువ కనిపిస్తున్నాయి గానీ, అవన్నీ కొద్దిపాటి వేళ్ల నుంచి మొలిచినవే.

ఒకటి క్రియ. ‘ఐ యామ్ గోయింగ్ డైలీ’, ‘పీపుల్ ఆర్ వాంటింగ్’, ‘మెనీ ఫ్యామిలీస్ ఆర్ హావింగ్ టూ బైక్స్’. రోజూ జరిగేదానికీ, ఎప్పుడూ ఉండేదానికీ నువ్వు ‘ఇంగ్’ తగిలిస్తున్నావు. మనకు ‘వెళ్తాను’ అంటే రోజూ వెళ్లడమూ అవుతుంది, రేపు వెళ్లడమూ అవుతుంది. ఆ అనుమానం తప్పించుకోవడానికి నోరు ‘వెళ్తున్నాను’ వైపు పోతుంది, చెయ్యి దాని వెంటే పోతుంది. వ్యాసంలో నూటికి తొంభై పాళ్లు మామూలు వర్తమానమే కావాలి: ఐ గో, పీపుల్ వాంట్, ఫ్యామిలీస్ హావ్. దీనికి తోడు ‘హ్యాడ్’ పిచ్చి ఒకటి. ‘ది మెట్రో హ్యాడ్ స్టార్టెడ్ ఇన్ 2017’ అన్నావు. జరిగిపోయిన పనికి స్టార్టెడ్ చాలు. దానికంటే ముందే ఇంకేదో జరిగిపోయిందని చెప్పాల్సి వచ్చినప్పుడు హ్యాడ్ తీసుకురా, అంతదాకా దాన్ని ఇంట్లో కూర్చోబెట్టు.

‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’ దగ్గర రెండు తప్పులు కలిసి పడ్డాయి. మూడేళ్ల నుంచి అంటాం, 2022 నుంచి అంటాం, మనకు రెంటికీ ‘నుంచి’ ఒకటే. వాళ్లకు మొదలైన చోటు చెబితే సిన్స్, ఎంతకాలమో చెబితే ఫర్. ఇప్పటికీ సాగుతున్న పని కాబట్టి ‘ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్.’ ‘డిస్కస్ అబౌట్’ కూడా ఇలాంటిదే, మన ‘గురించి’ చేసిన పని. ‘రిటర్న్ బ్యాక్’, ‘కోప్ అప్ విత్’ మాత్రం తెలుగు నేరం కాదు, చుట్టూ వినీ వినీ అంటుకున్నవి.

ఇక ఎ, ఎన్, ది. వీటి గురించి నిజం చెప్పనా? మన భాషలో లేని సరుకు ఇది, దీంతో జీవితాంతం కుస్తీ పట్టాల్సిందే. ఒకట్రెండు తాళ్లు పట్టుకుంటే చాలావరకు గట్టెక్కుతావు. లోకంలో అన్నిటి గురించీ మాట్లాడేటప్పుడు ‘ది’ వద్దు: లైఫ్, నేచర్, పొల్యూషన్, కార్స్. నువ్వు ‘ది పొల్యూషన్’, ‘ది నేచర్’ అని వరసపెట్టి రాశావు. లెక్కపెట్టగల ఒక వస్తువు మొదటిసారి వస్తే ఎ, మళ్లీ దాన్నే ప్రస్తావిస్తే ది. ఎ, ఎన్ మధ్య తికమక పడితే ఆ మాటను మనసులో తెలుగు లిపిలో రాసుకో. అచ్చుతో మొదలైతే ఎన్, హల్లుతో మొదలైతే ఎ. ఎన్ ఎమ్మెల్యే, ఎన్ అవర్, ఎ యూనివర్సిటీ, ఎ వన్‌వే స్ట్రీట్. ఇంగ్లీషు స్పెల్లింగు చూస్తే మోసపోతావు, మన లిపి చూస్తే మోసపోవు. నువ్వు ‘యెమ్మెల్యే’ అని పలికే రకం కాదనుకుంటున్నాను.

తెలుగును తిట్టుకోవద్దని ఇందుకే చెబుతాను. ‘ది నంబర్ ఆఫ్ వెహికల్స్ ఆర్ ఇంక్రీజింగ్’ అని రాశావే, తెలుగులో ఎప్పుడైనా ‘వాహనాల సంఖ్య పెరుగుతున్నాయి’ అంటావా? అనవు. అక్కడ సరిగ్గా పట్టుకున్నదాన్ని ఇక్కడ వదిలేశావు. ‘ఆల్దో మెట్రో ఈజ్ ఫాస్ట్, బట్ ఇట్ ఈజ్ కాస్ట్లీ’ కూడా అంతే. ‘మెట్రో వేగంగా వెళ్లినా ఖర్చెక్కువ’ అంటాం, ‘వెళ్లినా’ అన్నాక ‘కానీ’ ఎందుకు? ఆల్దో ఉంటే బట్ తీసెయ్యి. ‘ఐ డోంట్ నో వేర్ కెన్ ఐ ఫైండ్ ఎ బస్’ అన్నదీ అటువంటిదే. అది ప్రశ్న కాదు, ‘ఎక్కడ దొరుకుతుందో తెలియదు’ అన్న మామూలు మాట, కాబట్టి ‘వేర్ ఐ కెన్’. ఇన్ఫర్మేషన్స్, అడ్వైసెస్, ఎక్విప్‌మెంట్స్, వీటి చివర ఎస్ ఉండదు. ‘వన్ ఆఫ్ ది’ తర్వాత మాత్రం తప్పకుండా బహువచనం. ఇది బట్టీ పట్టు, బట్టీకి పనికొచ్చేవి ఇలాంటివే.

పేరా నడక దగ్గర ఇంకో పేచీ ఉంది. మన వాక్యం క్రియ కోసం చివరిదాకా ఆగుతుంది. ‘వచ్చి, చూసి, విసిగిపోయి’ అని కారణాలన్నీ పేర్చుకుంటూ పోయి అసలు మాట ఆఖర్న చెప్పడం మనకు అందం. నీ పేరాలు కూడా అలాగే నడుస్తున్నాయని నాకనిపించింది: ఐదు వాక్యాల సన్నాహం, ఆరో వాక్యంలో అభిప్రాయం. ఇంగ్లీషు వ్యాసం చదివేవాడు అంతసేపు ఆగడు. పేరా మొదటి వాక్యంలోనే నీ మాట చెప్పు, మిగతా వాక్యాలు దాన్ని నిలబెట్టాలి. ఈ ఒక్కటి మార్చుకుంటే ‘మోర్‌ఓవర్’, ‘ఫర్దర్‌మోర్’, ‘ఇన్ అడిషన్’లతో వాక్యాలకు కుట్లు వేసే బాధ కూడా తగ్గుతుంది. నీ రెండో పేరాలో అవి మూడూ ఉన్నాయి. తీసేసి చదివాను, ఏమీ తగ్గలేదు.

పెద్ద మాటల మోజు గురించి ఎక్కువ చెప్పను. ‘ప్లెథోరా ఆఫ్ బెనిఫిట్స్’ అన్నావు. ఆ మాటలో అవసరానికి మించి ఉందన్న ధ్వని ఉంది, లాభాలు మితిమీరాయని నీ ఫిర్యాదా? యూజ్ ఉండగా యుటిలైజ్ ఎందుకు, స్టార్ట్ ఉండగా కమెన్స్ ఎందుకు? మన భారతీయ ఇంగ్లీషును మాత్రం నేను తప్పనను. ‘ప్రీపోన్’ చక్కటి మాట. కానీ చదివేవాడెవరో చూసుకోవాలి. ‘పాస్డ్ అవుట్ ఇన్ 2024’ అంటే ఇక్కడ డిగ్రీ పూర్తయినట్టు, బయటి దేశంలో స్పృహ తప్పినట్టు. పది లక్షలను వన్ మిలియన్ అని రాయి, విదేశీ పరీక్షకుడికి లక్షలూ కోట్లూ తెలియకపోవచ్చు.

మీ అన్నయ్య సివిల్స్‌కు చదువుతున్నాడన్నావు. అక్కడ వ్యాసం పేపరు మూడు గంటలు, రెండు వ్యాసాలు, 250 మార్కులు. తెలుగులో రాయాలనుకుంటే రాయొచ్చు కూడా. నీ కష్టం వేరు. నీకున్నది నలభై నిమిషాలు, కనీసం 250 మాటలు. నాలుగొందలు రాస్తే ఎక్కువ మార్కులొస్తాయని ఎవరన్నారో గానీ, ఎక్కువ రాస్తే దిద్దుకునే సమయం పోతుంది. 280 దగ్గర ఆపు. మొదటి ఐదు నిమిషాలు వాక్యం రాయకు. ప్రశ్నలోని మాటల కింద గీత గీసి, నువ్వేమంటావో, ఎందుకంటావో తెలుగులోనే నాలుగు ముక్కలు రాసుకో. ఆలోచన తెలుగులో చేసుకోవడంలో తప్పేమీ లేదు. తెలుగు వాక్యం పూర్తిగా కట్టి దాన్ని ఇంగ్లీషులోకి దించబోతేనే చిక్కు.

చివరి ఐదు నిమిషాల్లో మొత్తం ఒకేసారి చదివి తప్పులన్నీ పట్టేద్దామనుకుంటే ఒక్కటీ దొరకదు, కన్ను అర్థం వెంట జారిపోతుంది. ఒక చుట్టు క్రియలు మాత్రం చూడు. ఇంకో చుట్టు ఎ, ఎన్, ది. సమయం మిగిలితే బహువచనాలు. నీ తప్పులు నీకు తెలుసు కాబట్టి ఏది ముందో నువ్వే నిర్ణయించుకో. ఫోన్‌లోని యాప్‌తో దిద్దించుకోవచ్చా అని అడిగావు. దిద్దించుకో, అయితే ముందు నువ్వు దిద్దాక. అది మార్చిన ప్రతిచోటా ఎందుకు మార్చిందో నోటుబుక్కులో రాయలేకపోతే ఆ మార్పు దానిదే, నీది కాదు.

ఇదే ప్రశ్నకు మళ్లీ రాయి. మొదటి పేరా మొత్తం కొట్టేసి, ఒప్పుకుంటావో లేదో రెండు వాక్యాల్లో చెప్పి, తిన్నగా ఆటో దగ్గరికి వచ్చేయ్. పండగ వెళ్లేదాకా ఊళ్లోనే ఉంటాను, ఇక్కడికే పంపు. ఈసారి వరస విడిచి వరస రాయి, పక్కన మార్జిన్ కూడా కాస్త ఎక్కువే వదులు.

మీ
మాస్టారు