రోటరీ డిస్ట్రిక్ట్ కాన్ఫరెన్స్‌కి వెళ్ళాలా వద్దా? పర్లాకిమిడి నుంచి నా అనుభవం

మీ ప్రశ్న చదివాను. మన ఒడిశాలోనే గుణుపూర్‌లో ఉంటారు, రోటరీ సేవా సంస్థలో చేరి ఆరు నెలలయింది, డిస్ట్రిక్ట్ కాన్ఫరెన్స్‌కి రమ్మని ప్రెసిడెంట్ గారు అడుగుతున్నారు. ఈసారి పూరీలో పెట్టారు. రిజిస్ట్రేషన్‌కి వేలల్లో అవుతుంది, ఇంగ్లీషు అంతంతమాత్రం, ఒడియా అంటే బజార్లో బేరమాడేటంత. వెళ్తే లాభమేమిటి, ఇంట్లో వాళ్ళని తీసుకెళ్ళవచ్చా అన్నారు.

వెళ్ళండి. మొదటిసారి నేను వెళ్ళినట్టు మాత్రం వెళ్ళకండి.

నాది పర్లాకిమిడిలో మందుల షాపు. 2015లో రోటరీలో చేరాను. మరుసటి ఏడాది కాన్ఫరెన్స్‌కి మా క్లబ్ నుంచి ఏడుగురం ఒకే బండిలో వెళ్ళాం. హాల్లో ఒకే వరసలో కూర్చున్నాం, ఒకే టేబుల్ దగ్గర తిన్నాం, రాత్రి ఒకే గదిలో పరుపులు పరచుకుని పడుకున్నాం. ఇంటికొచ్చాక మా ఆవిడ ఎవరెవరు కలిశారని అడిగితే చెప్పడానికి ఒక్క కొత్త పేరు లేదు. అంత డబ్బు పెట్టి, షాపు రెండు రోజులు మూసి వెళ్ళాను కదా అని చాలా బాధ వేసింది. మా క్లబ్‌లో పెద్దాయన ఒకరున్నారు, రిటైర్డ్ హెడ్మాస్టరు, అందరం సార్ అనే అంటాం. ఆయన అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "మనోళ్ళ పక్కన కూచోడానికి అంత దూరం ఎందుకు బాబూ, రాజావారి కోట దగ్గర కూచుంటే సరిపోదేటి?"

ముందు ఒక మాట. డిస్ట్రిక్ట్ అంటే మన గజపతి జిల్లా, రాయగడ జిల్లా అనుకోకండి. రోటరీలో డిస్ట్రిక్ట్ అంటే పదుల కొద్దీ క్లబ్బుల సమూహం, దానికొక గవర్నర్. ఆయన పదవి జూలై 1న మొదలై జూన్ 30తో అయిపోతుంది. మా ఊరి పక్కన మహేంద్రతనయ దాటితే పాతపట్నం. అక్కడి వాళ్ళది మన భాషే, పెళ్ళి సంబంధాలూ ఉన్నాయి. అయినా శ్రీకాకుళం వైపు క్లబ్బుల డిస్ట్రిక్ట్ వేరు, మనది వేరు. అందుకే కాన్ఫరెన్స్‌లో మనకి కనిపించేది ఎక్కువగా ఒడియా వాళ్ళే. భాష గురించి మీ టెన్షన్ ఇక్కడి నుంచే వచ్చిందనుకుంటాను. దాని సంగతి తర్వాత చెప్తాను.

నా అభిప్రాయం మార్చింది తిత్లీ తుఫాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి నేరుగా మన కొండల మీదకి వచ్చింది. మీ వైపూ ఆ వానలు చూసే ఉంటారు. మా జిల్లాలో బరఘర దగ్గర కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. మా క్లబ్ వాళ్ళం సవర గిరిజనుల ఊళ్ళు నాలుగింటికి బియ్యం, మందులు మోసుకెళ్ళాం. బియ్యం వారం రోజులకి అయిపోతుంది. పైకప్పులు లేవు, బావుల్లో బురద నిండిపోయింది, ముందు చలికాలం. మా క్లబ్ దగ్గరున్న డబ్బు ఏ మూలకీ చాలదు.

ఆ ఏడు కాన్ఫరెన్స్‌కి బయల్దేరే ముందు సార్ కూర్చుని ఒక కాగితం రాశారు. ఒకే ఒక్క పేజీ, ఒక పక్క ఒడియా, రెండో పక్క ఇంగ్లీషు. ఊరి పేరు, ఎన్ని ఇళ్ళు, ఏం కావాలి, ఒక్కోటి బజార్లో ఎంత, జీపు ఎక్కడి దాకా వెళ్తుంది, అక్కడి నుంచి ఎంత దూరం నడవాలి. కింద ఇద్దరి ఫోన్ నంబర్లు. దండం పెట్టి అర్థించే మాట ఒక్కటి లేదు అందులో. ఇరవై కాపీలు తీయించి నా చేతికిచ్చి, "ఈసారి మనోళ్ళ పక్కన కూచోకు" అన్నారు.

రెండో రోజు పొద్దున్న టీ దగ్గర ఒక పెద్దాయన నా బ్యాడ్జి చూసి, పర్లాకిమిడి అంటే తిత్లీ వచ్చిన చోటేనా అని ఒడియాలో అడిగారు. ఆయనది పూరీ. కాగితం ఇచ్చాను. కళ్ళజోడు తీసి పెట్టుకుని, అక్కడే నిలబడి రెండు పక్కలా చదివారు. చేతిలో టీ మీద తెట్టు కట్టేసింది. చదివాక ఒకే ప్రశ్న వేశారు: "అందరూ రేకులు అడుగుతారు, మీరు టార్పాలిన్లు అడిగారెందుకు?" జీపు ఆగిన చోటు నుంచి కొండ మీదకి నెత్తిన పెట్టుకుని ఎక్కాలి, రేకుతో ఆ దారిలో ఎక్కలేరు, గాలికి మనిషినే లాగేస్తుంది అని నాకొచ్చిన ఒడియాలో చెప్పాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఇంకో రెండు క్లబ్బుల వాళ్ళని పక్కన కూర్చోబెట్టి, నాతో మళ్ళీ మొదటి నుంచి చెప్పించారు.

సంక్రాంతికి ముందే మా ఊరికి లారీ వచ్చింది. టార్పాలిన్లు, దుప్పట్లు, బావులు తోడించడానికి డబ్బు. ప్రతి టార్పాలిన్ మీదా వాళ్ళ క్లబ్ పేరు అచ్చు వేసి ఉంది. నాలుగు ఊళ్ళలో పంచాక కొన్ని మిగిలితే, వచ్చే తుఫానుకి పనికొస్తాయని మా షాపు మేడ మీద పెట్టాను.

అవి అంత త్వరగా పనికొస్తాయని ఎవరం అనుకోలేదు. 2019 మే 3న ఫొని తుఫాను పూరీ దగ్గరే తీరం దాటింది. ఆయనకి ఫోన్ చేస్తే నాలుగు రోజులు మోగనే లేదు. ఐదో రోజు ఆయనే ఎవరిదో నంబరు నుంచి మాట్లాడారు. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఇంటి ముందు చెట్లన్నీ పడిపోయాయి, మనుషులం బాగున్నాం అన్నారు. ఆ రాత్రే మా క్లబ్ వాళ్ళం వ్యాన్‌కి లోడ్ ఎత్తాం. నీళ్ళ క్యాన్లు, కొవ్వొత్తులు, నా షాపులో ఉన్న ఓఆర్ఎస్ ప్యాకెట్లు, క్లోరిన్ బిళ్ళలు, వాటితో పాటు మేడ మీది టార్పాలిన్లు. పూరీలో దింపుతుంటే వాళ్ళ క్లబ్ పేరు వాళ్ళకే కనిపించింది. ఆయన ఒకటి విప్పి, ఆ పేరు మీద చెయ్యి పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

లాభమేమిటని అడిగారు కాబట్టి ఇదంతా చెప్పాను. ఆ టీ దగ్గర నేను మా వాళ్ళతోనే ఉండి ఉంటే ఆ లారీ వచ్చేది కాదు, ఈ వ్యానూ వెళ్ళేది కాదు.

ఇక స్టేజి మీద జరిగే కార్యక్రమం. జెండా, ప్రార్థన, ప్రెసిడెంట్లు ఒక్కొక్కరూ తమ క్లబ్ బ్యానర్ పట్టుకుని నడవడం, రోటరీ ఇంటర్నేషనల్ ప్రెసిడెంట్ తరఫున వచ్చిన ప్రతినిధి ప్రసంగం, సన్మానాలు. సన్మానాలు చాలా సేపు సాగుతాయి. వాటన్నిటికీ కదలకుండా కూర్చోవాలని లేదు, బయటకొచ్చి మనుషుల్ని కలవండి. రెండిటికి మాత్రం తప్పకుండా లోపల ఉండండి: మంచి ప్రాజెక్టులు చేసిన క్లబ్బులు తమ పని చూపించేది ఒకటి, సేవా పనులకి డబ్బిచ్చే రోటరీ ఫౌండేషన్ గురించి చెప్పేది ఇంకొకటి.

ఫౌండేషన్ సెషన్ అర్థం కాదేమోనని చాలామంది లేచి వచ్చేస్తారు, నాకు బాధనిపిస్తుంది. మన చిన్న క్లబ్బులకి అన్నిటికన్నా అవసరమైనది అదే. 1917లో ఆర్చ్ క్లంఫ్ అనే ఆయన రోటరీకి ఒక నిధి ఉండాలన్నారు, అదే తర్వాత ఈ ఫౌండేషన్ అయింది. దానికి వచ్చిన మొదటి విరాళం 26 డాలర్ల 50 సెంట్లు. ఇది విన్నాక మా క్లబ్ పంపే చిన్న మొత్తం గురించి నాకు సంకోచం పోయింది. మన క్లబ్బులు ఫౌండేషన్ వార్షిక నిధికి ఇచ్చినదాంట్లో దాదాపు సగం మూడేళ్ళ తర్వాత మన డిస్ట్రిక్ట్ వాడుకోవడానికే తిరిగొస్తుంది. చిన్న పనులకి డిస్ట్రిక్ట్ గ్రాంటు అందులోంచే ఇస్తారు. గ్లోబల్ గ్రాంటు పెద్దది, ప్రాజెక్టు కనీసం 30,000 డాలర్లది ఉండాలి, వేరే దేశపు క్లబ్ తోడు కావాలి. మనకి మొదట డిస్ట్రిక్ట్ గ్రాంటు చాలు. దానికి మీ క్లబ్ ఏ ట్రైనింగ్‌కి వెళ్ళాలో, ఏ కాగితం మీద సంతకం పెట్టాలో ఫౌండేషన్ చూసే వాళ్ళని అక్కడే అడగండి. ఆ విషయం ముందే తెలిసి ఉంటే మాకు ఒక ఏడాది కలిసొచ్చేది.

పోలియో మాట వచ్చినప్పుడు కూడా శ్రద్ధగా వినండి. పోలియోని లేకుండా చేయడానికి రోటరీ 1985లో పోలియోప్లస్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మన దేశంలో ఆఖరి కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది, 2014 మార్చి 27న పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. మీరు గుణుపూర్ బస్టాండులో చుక్కలు వేయించుకునే పిల్లల్ని చూసే ఉంటారు. ఆ పనిలో ఇన్ని దేశాల వాళ్ళు ఉన్నారని నాకు ఆ హాల్లో కూర్చున్నప్పుడే తెలిసింది.

భాష సంగతి. స్టేజి మీద ఇంగ్లీషు, ఒడియా రెండూ వినిపిస్తాయి, మధ్యలో హిందీ. అర్థం కాకపోతే పక్కవాళ్ళని అడగండి, ఎవరూ చిన్నచూపు చూడరు. మనలాంటి వాళ్ళ బజారు ఒడియాలో ఒక లోటు ఉంది, మర్యాద మాటలు తక్కువ. పెద్దవాళ్ళతో ఔననడానికి "హఁ ఆజ్ఞా" అనండి. మనకి ఆజ్ఞ అంటే హుకుం. వాళ్ళకి అది మన "అండీ" లాంటిది. ఆ ఒక్క మాట తోడైతే బజారు ఒడియా కూడా ముచ్చటగా వినిపిస్తుంది, ఎదుటివాళ్ళు నెమ్మదిగా మాట్లాడతారు. తెలుగువాళ్ళూ దొరుకుతారు. బరంపురం, రాయగడ, కోరాపుట్ జిల్లా జైపూర్ వైపు వాళ్ళలో మన భాష వచ్చిన వాళ్ళు ఎంతమందో.

మా ఆవిడ భయం కూడా ఈ భాషదే. ఆమెది టెక్కలి, ఒడియా వింటుంది గానీ మాట్లాడదు. నేను మూడోసారి వెళ్ళినప్పుడు నాతో వచ్చింది. ఆడవాళ్ళకి వేరే కార్యక్రమం పెట్టిన హాల్లో ఒక చివర కూర్చుందట. వెనక కుర్చీలో ఆమె "ఆ చీర బరంపురం పట్టేనా అమ్మా?" అని తెలుగులో పలకరించిందట. అంతే, సాయంత్రం దాకా ఇద్దరూ విడిపోలేదు. ఇప్పటికీ దసరాకి ఫోన్లు చేసుకుంటారు. కాబట్టి తీసుకెళ్ళండి. రోటరీలో మెంబర్ల భార్యల్ని ఆన్స్ అనీ, పిల్లల్ని ఆనెట్స్ అనీ పిలుస్తారు, ఆ పిలుపుకి కంగారు పడకండి. ఆమెకి ఇష్టముంటే స్వయంగా మెంబరు కూడా కావచ్చు, 1989 నుంచి ఆడవాళ్ళకి రోటరీలో ప్రవేశం ఉంది. మా క్లబ్‌లో ఇద్దరున్నారు. కాగితం పని, లెక్కల పని వాళ్ళ చేతిలో పడ్డాకే మా క్లబ్ ఒక దారిలో పడింది.

రాత్రి ఫెలోషిప్ పేరుతో పాటలు, డాన్సులు ఉంటాయి. కొన్ని చోట్ల మందు కూడా ఉంటుంది. నేను తాగను, ఎవరూ బలవంతపెట్టలేదు. భోజనం చేసి వచ్చేశాను.

ఖర్చు తగ్గాలంటే రిజిస్ట్రేషన్ ముందే చేసుకోండి, మొదట్లో కట్టేవాళ్ళకి రేటు తక్కువ ఉంటుంది. గది ఎవరితో కలిపి ఇస్తున్నారో, ఏ హోటల్లోనో రాతపూర్వకంగా తీసుకోండి. ఒకసారి నోటిమాట నమ్మి వెళ్తే, మా పేరు మీద గదే లేదన్నారు. రాత్రి పదకొండింటికి చంటిబిడ్డతో ఉన్న మా క్లబ్ కుటుంబం ఒకటి రిసెప్షన్ సోఫాలో కూర్చోవాల్సి వచ్చింది. ఆ బిడ్డ ఏడుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

రోటరీ పిన్ను పెట్టుకోండి, విజిటింగ్ కార్డులు కాస్త ఎక్కువే పట్టుకెళ్ళండి. చేతిలో మీ ఊరిదంటూ చిన్న వస్తువు ఒకటి ఉంటే మంచిది. నేను మా ఊరి కొమ్ము పనివాళ్ళ దగ్గర చిన్న కొంగ బొమ్మలు కొని తీసుకెళ్తాను. పూరీ పెద్దాయన తన టేబుల్ మీద పెట్టుకున్నది అదే.

అన్నిటికన్నా ముందు ఆ కాగితం రాయండి. మీ గుణుపూర్ చుట్టూ ఏదో ఒక ఊరు, ఏదో ఒక అవసరం, మీరు స్వయంగా వెళ్ళి చూసినది. బడిలో మరుగుదొడ్డి కావచ్చు, బోరు కావచ్చు. ఐదు అవసరాలు రాస్తే ఎవరికీ గుర్తుండదు, ఒక్కటే రాయండి. ధర బజార్లో అడిగి వేయండి. ఒడియాలో రాయడం కష్టమైతే తెలుగులో రాసి ఇక్కడే పెట్టండి. మా సార్‌కి ఎనభై దాటినా చేతిరాత ఇప్పటికీ ముత్యాల్లా ఉంటుంది, ఒడియాలో రాసి ఇస్తారు. ఈసారి నేనూ వస్తున్నాను. గుణుపూర్–పూరీ బండికే టికెట్ తీసుకోండి, పర్లాకిమిడిలో ఎక్కి ఆ కాగితం మీ చేతికిస్తాను.