ఇంటి ముందు కాలిబాట ఎవరు వేయాలి?

ప్రశ్న: డెన్వర్‌లో పాత ఇల్లు కొన్నాం. పక్కింటి ముందు కాలిబాట ఉంది, మా ముందు లేదు. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు చేతికర్రతో రోడ్డు మీదే నడుస్తున్నారు. కాలిబాటల పేరుతో నగరం వేసే ఏడాదికి 150 డాలర్ల ఫీజు మాత్రం మాకూ పడుతోంది. ఎవరి ముందు వాళ్లే వేయించుకోవాలని రూల్ పెడితే పోదా?

– ఓ పాఠకురాలు

జవాబు: ఆ ముచ్చటా అయిందమ్మా! మీ ఊళ్లో మరమ్మతుల భారం ఏళ్ల తరబడి ఇంటివాళ్లదే. డబ్బున్నవాళ్లు చేయించారు, లేనివాళ్లు వదిలేశారు. బాట పళ్లూడిన దువ్వెనలా తయారైంది. అందుకే 2022 నవంబర్‌లో ఓటర్లు ఆ పని నగరానికి అప్పగించారు. ఫీజు మొదట ఇంటి ముందున్న అడుగుల లెక్కన అనుకున్నారు. అలాగైతే రెండు వీధులు తగిలే మూల ఇళ్లకు వాచిపోతుంది. చివరికి మామూలు ఇళ్లన్నిటికీ ఒకే మొత్తం పెట్టి, 2025 నుంచి వసూలు మొదలుపెట్టారు.

కొత్త లేఅవుట్ అయితే బిల్డర్ మెడ మీదే పెట్టాలంటాను. పాత వీధిలో పింఛను మీద బతికే ముసలాయన్ని వేలకు వేలు కాంక్రీటుకు పెట్టమనడం నాకు సబబనిపించదు. మా ఊళ్లో ఎవరి వాకిలి వాళ్లు అద్దంలా ఊడ్చుకునేవాళ్లం, మధ్యలో కాలవ మాత్రం ఎవరిదీ కాదు!

మంచు ఎత్తే పని మాత్రం ఇప్పటికీ ఇంటివాళ్లదే. మీ ముందు బాట పడ్డాక, మంచు ఆగిన 24 గంటల్లో తీసేయాలి. అందాకా అత్తయ్యగారిని ఎదురొచ్చే కార్లు కనబడేలా ఎడమ పక్కన నడవమనండి.