బాబు పేరున పాలసీ తర్వాత, ముందు మీ నడుము సంగతి చూడండి

ప్రశ్న: మాది కాకినాడ. బాబుకి 14 ఏళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు సరిగా ఉండని స్థితి). వాడి కోసం టీచర్ ఉద్యోగం మానేశాను. మావారి జీతం 44,000. థెరపీతో కలిపి ఇంటి ఖర్చు 35,000. పోయినేడు బాబు ఆపరేషన్‌కి తెలిసినవాళ్ల దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చాం. మిగిలే 3,000 బాబు పేరున పాలసీ కడదామని ఉంది. బాత్రూమ్ మార్పించడానికి ఇంకో 50,000 అక్కడే తెద్దామంటున్నారు. పొద్దున్నే నొప్పి గోలీ వేసుకుంటే గానీ బాబుని లేపలేకపోతున్నాను. రాత్రిళ్లు నిద్ర పట్టదు, ఒకటే టెన్షన్. బంగారం మాత్రం కదపలేదు.

జవాబు: అమ్మా, మీలాంటి ఇళ్ల నుంచి వచ్చే ఉత్తరాల్లో ఇదే పొరపాటు పదే పదే చూస్తున్నాను. పొదుపంతా బిడ్డ పేరున ఉంటుంది. ఆ బిడ్డను ఎత్తి దించే మనిషి కోసం ఒక్క రూపాయి ఉండదు. గోలీ మీద నడుస్తున్న నడుము ఏదో ఒక రోజు పట్టేస్తుంది. అప్పుడు మీవారు జీతం లేని సెలవు పెడతారు, మళ్లీ ఆ వడ్డీ గుమ్మమే ఎక్కుతారు.

నెలకు 6,000, ఏడాదికి 72,000 వడ్డీకే పోతోంది, అసలు అలాగే ఉంది. దయచేసి ఇంకో 50,000 మాట ఎత్తకండి. బంగారం బీరువాలో పెట్టుకుని మూడు రూపాయల వడ్డీ కట్టడమేమిటి? రేపే బ్యాంకులో పెట్టి ఆ బాకీ తీర్చేయండి. వడ్డీ నూటికి రూపాయి లోపే ఉంటుంది, నెలకు కనీసం 4,000 మిగులుతుంది. బాత్రూమ్‌లో గోడకి పట్టుకునే రాడ్లు వేయించి, గడప తీయిస్తే ప్రస్తుతానికి చాలు. టైల్స్ ఆగుతాయి.

ఆ 4,000కి మీ 3,000 కలిపి వేరే ఖాతాలో వేయండి. ఎవరికైనా ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలంటాను, మీకైతే 2,10,000. కానీ మీ ఇంట్లో దానికంటే ముందు ఇంకొకటి కావాలి: మీరు మంచం పడితే బాబుని చూసుకునే మనిషికి మూడు నెలల జీతం. నెలకు 15,000 అనుకుంటే 45,000. ఏడో నెలకల్లా చేతికొస్తుంది. అది పూర్తయ్యాక నెలనెలా మిగిలే దాంట్లో సగం బంగారం అప్పు అసలుకి, మిగతా సగం ఆరు నెలల నిధికి. ఈ డబ్బు పండగకీ, బంధువుల పెళ్లికీ తీయకూడదు.

మీవారికి టర్మ్ పాలసీ (ఆయనకేమైనా అయితే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా), మీ ఇద్దరికీ ఆరోగ్య బీమా ఈ ఏడాదే తీసుకోండి. బాబుకి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో లక్ష వరకు కవరేజీ ఉంది, కొంత పరిమితి వరకు థెరపీ బిల్లులూ వస్తాయి. మీవారు పాత పన్ను విధానంలో ఉంటే బాబు వైకల్యం కింద పన్ను లెక్కించే ఆదాయంలో 75,000 మినహాయింపు, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000. బాబు పేరున పాలసీ ఇప్పుడు వద్దు.

నిధి నిండాక చూద్దామని డాక్టరు దగ్గరికి వెళ్లడం మాత్రం వాయిదా వేయకండి. ఈ ఆదివారం బాబుని మీవారికి అప్పజెప్పి నిద్రపోండి. సోమవారం ఎముకల డాక్టరుకి నడుము చూపించుకోండి, నిద్ర పట్టని సంగతీ చెప్పండి. ఆ ఫీజు ఇంటి ఖర్చులోనే రాసుకోండి.