టమాటా వేర్లకు నులిపురుగు బుడిపెలు: జీవ నియంత్రణ ఎప్పుడు మొదలుపెట్టాలి?

మీరు రెండు సంగతులు అడిగారు. కాపు మీదున్న టమాటా మొక్కను పీకి చూస్తే వేర్ల నిండా బుడిపెలున్నాయి, ఇప్పుడు డ్రిప్పులో ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని వదిలితే తోట తేరుకుంటుందా అన్నది మొదటిది; గుళికల మందు జోలికి పోకుండా దీన్ని అదుపు చేయవచ్చా అన్నది రెండోది. మొదటిదానికి నా సమాధానం లేదనే. రెండోది సాధ్యమే, కానీ ఆ పని నారు పోయక ముందే మొదలుకావాలి. మదనపల్లె వైపు ఏడాది పొడవునా టమాటా పండే నేలలో సాగు చేస్తూ గమనించినవి చెబుతున్నాను.

ముందుగా అవి నులిపురుగు (వేర్లలో చేరే, కంటికి కనబడనంత సన్నని పురుగు) బుడిపెలేనని తేల్చుకోండి. మొక్కను పట్టి లాగితే పిల్లవేర్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి కనుక, చుట్టూ తవ్వి మట్టిగడ్డతో సహా లేపి బకెట్టు నీళ్లలో నానబెట్టి కడగాలి. అలసంద, చిక్కుడు వేర్లపై ఉండే నత్రజని బుడిపెలు గోటితో గీరితే రాలిపోతాయి. నులిపురుగు బుడిపెలు వేరు తానే ఉబ్బి ఏర్పడినవి కాబట్టి విడిపోవు. భూతద్దంలో చూస్తే వాటిపైన గుండుసూది తలంత గోధుమరంగు జిగురు ముద్దలు కనిపిస్తాయి. ఒక్కొక్క ముద్దలో వందలాది గుడ్లుంటాయి, వెచ్చని నేలలో సుమారు నెల రోజులకే కొత్త తరం తయారవుతుంది.

మేలుచేసే సూక్ష్మజీవులతో చేసే జీవ నియంత్రణకు ప్రధానంగా చిక్కేది ఈ గుడ్ల దశ, వేరులోకి చొరబడబోయే పిల్లపురుగుల దశ. పర్పురియోసిలియం లిలాసినం (దుకాణాల్లో ఇంకా పాసిలోమైసిస్ అనే పాత పేరుతోనే అడగాలి), పొకోనియా అనే శిలీంధ్రాలు గుడ్లలోకి చొచ్చుకుపోయి వాటిని తినేస్తాయి. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా, ట్రైకోడెర్మా లేతవేరును ముందే ఆక్రమించి పిల్లపురుగుల ప్రవేశాన్ని తగ్గిస్తాయి. వేరు లోపల స్థిరపడిన ఆడపురుగును గానీ, అది పోషకాలు పీల్చడానికి ఏర్పరచుకున్న పెద్ద కణాలను గానీ ఇవేవీ పెద్దగా ఏమీ చేయలేవు. అందుకే ముదిరిన తోటలో వీటికి పెట్టే డబ్బు చాలావరకు వృథా అని నా అభిప్రాయం.

నేను చేసేది ఇది. నారు పోసేటప్పుడే ప్రోట్రేలలోని (నారు పెంచే గుంతల ట్రేలు) కోకోపీట్‌లో (కొబ్బరిపొట్టు) సూడోమోనాస్, ట్రైకోడెర్మా కలుపుతాను. పొలానికైతే ఎకరాకు 90 కిలోల బాగా మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి నీడలో కుప్పవేసి, గోనెసంచులు కప్పి, తడి ఆరకుండా వారం పది రోజులు ఉంచుతాను. తెల్లని, ఆ తర్వాత ఆకుపచ్చని బూజు కుప్పంతా అల్లుకున్నాకే దుక్కిలో తడి ఉండగా సాళ్లలో వేస్తాను. పాసిలోమైసిస్‌ను కూడా ఇలాగే వేరే కుప్పలో పెంచి వేస్తాను. ఎరువులో పెంచి వేసే ఈ పద్ధతిని బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ కూడా సిఫారసు చేస్తోంది. నేను కొన్ని సాళ్లను కావాలనే ఏమీ వేయకుండా వదిలి, పంట చివర రెండు వైపులా వేర్లు కడిగి చూశాను: వదిలిన సాళ్లలో తల్లివేరు దాకా బుడిపెలు పూసల్లా ఉండగా, వేసిన సాళ్లలో పక్కవేర్ల కొసల్లో మాత్రమే అక్కడక్కడా ఉన్నాయి. పూర్తిగా పోలేదు, పోతాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ప్యాకెట్టు కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. ట్రైకోడెర్మాలో గ్రాముకు కనీసం 20 లక్షల జీవకణాలు ఉండాలి, రేకుల షెడ్డులో ఎండకు వేగిన ప్యాకెట్టులో అవి మిగలవు. ఇంకొకటి, ఎండుతెగులు కనబడగానే మొదళ్ల దగ్గర కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రనాశిని పోసే అలవాటు మనవైపు బాగా ఉంది. పెంచి వేసిన శిలీంధ్రం దానితో దెబ్బతినవచ్చు. ఫోరేట్ గుళికల వాడకం 2020 చివరి నుంచి నిషేధం, కాబట్టి ఎవరైనా పాత నిల్వ అంటగట్టబోతే తీసుకోకండి.

ఇప్పుడున్న తోటను తక్కువ తడితో, తరచుగా నీరిస్తూ, మొదళ్లకు మట్టి ఎగదోసి, కోతలు వచ్చినంతవరకు తీసుకోండి. కాపు అయిపోయాక మొక్కల్ని వేర్లతో సహా తవ్వి తీసి తగలబెట్టండి, పొలంలో కామంచి కలుపు మొక్కలు కూడా మిగలకూడదు. వెంటనే వంగ, బెండ వేయవద్దు, అవి కూడా ఈ పురుగుకు ఇష్టమైన ఆహారమే. వేసవిలో లోతు దుక్కి చేసి, నులిపురుగును తగ్గించే బంతిని ఆ మడిలో వత్తుగా వేయండి. గట్ల వెంబడి నాలుగు మొక్కలు నాటితే లాభం లేదు. ఆ తర్వాతి టమాటాకు నారు బయట కొంటే, తీసుకునే ముందు ఒకటి రెండు ట్రేల నుంచి మొక్కలు లాగి వేర్లు కడిగి చూడండి.