కయోటీని కూతతో పిలిచి వేటాడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ వైపు. చాలా ఏళ్లుగా డాలస్‌లో ఉంటున్నాం. నగరానికి ఉత్తరాన 40 ఎకరాలు కొని 60 బోయర్ మేకలు పెంచుతున్నాను. ఫిబ్రవరిలో ఈతలు మొదలయ్యాయి. మూడు వారాల్లో ఏడు పిల్లలు పోయాయి. రాత్రిళ్లు చెరువుకట్ట అవతల నక్కల్లాంటి కయోటీల ఊళలు వినపడుతున్నాయి. పక్క రాంచ్ ఆయన 'కాల్ (జంతువుల కూతలు వినిపించే పరికరం) పెట్టి పిలువు, వస్తాయి, కాల్చెయ్' అంటున్నాడు. నేను ఎప్పుడూ తుపాకీ పట్టలేదు. ఎలా మొదలుపెట్టాలి? నాకు గ్రీన్ కార్డు ఉంది. నాతో ఉండే తమ్ముడిది హెచ్-1బి. (ఒక రైతు, టెక్సస్)

జవాబు: పిల్లను పోగొట్టుకున్న మేక రెండు రోజుల పాటు కంచె వెంట అరుస్తూ తిరుగుతుంది. ఏడుసార్లు ఆ అరుపు విన్న మీ బాధ నాకు అర్థమవుతోంది. అయినా తుపాకీ కంటే ముందు మీరు పట్టుకోవాల్సింది ఒక చిన్న కత్తి. పిల్లల్ని తిన్నది నిజంగా కయోటీయేనా అన్నది ముందు తేలాలి.

ఈసారి చచ్చిన పిల్ల దొరికితే పారేయకండి. చేతులకు తొడుగులు వేసుకుని గొంతు దగ్గర చర్మం ఒలిచి చూడండి. కయోటీ మామూలుగా దవడ వెనక, చెవి కింద గొంతు పట్టుకుని ఊపిరాడకుండా చంపుతుంది. పైన బొచ్చు మీద రెండు చిన్న గాట్లే కనిపిస్తాయి. చర్మం లోపలి వైపు మాత్రం నల్లగా గడ్డకట్టిన నెత్తురు అరచేయంత మేర పరుచుకుని ఉంటుంది. బతికి ఉండగా కరిస్తేనే అలా నెత్తురు కమ్ముతుంది. అది లేకుండా మాంసం పాలిపోయి ఉంటే, పిల్ల అప్పటికే చచ్చిపోయాక ఏదో వచ్చి తిన్నదన్నమాట. పై కోరల గాట్ల మధ్య దూరం కొలవండి. అంగుళంపావు అటూ ఇటూగా ఉంటే కయోటీ, అంగుళం లోపు ఉంటే బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లి కావచ్చు. తొడలు, చెవులు చీరేసి, ఒకే రాత్రి నాలుగైదింటిని గాయపరిచి, తినకుండా వదిలేస్తే అది ఎవరో పెంచుకునే కుక్కల పనే. కళ్లు, నాలుక పోయి ఉంటే నల్ల రాబందుల్ని అనుమానించండి. వాటికి ఫెడరల్ చట్టం రక్షణ ఉంది కాబట్టి కాల్చకూడదు. అసలు పిల్ల పుట్టుకతోనే చచ్చిపోయిందేమో కూడా చూడాలి. ఊపిరితిత్తి ముక్క కోసి నీళ్లలో వేయండి. మునిగితే అది ఊపిరే తీసుకోలేదు. అప్పుడు పిలవాల్సింది పశువైద్యుణ్ని.

గాట్లు చూశాక కయోటీయే అని తేలిందనుకుందాం. ఇది మన నక్కకూ తోడేలుకూ మధ్యలో ఉండే జంతువు. టెక్సస్‌లో 11 నుంచి 18 కిలోల దాకా తూగుతుంది. జంటగా ఒక ఇలాకా పట్టుకుని, వేరే కయోటీలను అందులోకి రానివ్వదు. మీరు బాగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ఇలాకాలో ఉన్న జంట కుందేళ్లు, ఎలుకలు తింటూ మీ మేకల జోలికి రాకపోతే దాన్ని కదిలించకండి. దాన్ని చంపిన చోటికి కొత్తవి దిగుతాయి. అవి ఎలాంటివో ఎవరూ చెప్పలేరు. ఏటా నూటికి 75 చొప్పున చంపుతూ పోయినా కయోటీలను తుడిచిపెట్టడానికి 50 ఏళ్లు పైనే పడుతుందని 1975లో కాలిఫోర్నియా పరిశోధకులు లెక్కగట్టారు. మందల మీద పడేది ఎక్కువగా పిల్లలున్న జంటే. యూటాలో పరిశోధకులు కొన్ని జంటలకు సంతానం కలగకుండా ఆపరేషన్ చేస్తే, అవి చంపే గొర్రెపిల్లల సంఖ్య తగ్గింది. కాబట్టి కనిపించిన ప్రతి కయోటీనీ కాల్చడం మీ పని కాదు. మీ మేకపిల్ల రుచి మరిగిన జంటను తప్పించడమే పని.

కూతతో పిలిచే పద్ధతి అందుకే మీకు పనికొస్తుంది. నష్టం జరిగిన చోటే, జరిగిన ఒకటి రెండు రోజుల్లోనే, తెల్లవారుజామున పిలిస్తే వచ్చేది చాలావరకు ఆ ఇలాకా జంటే.

చట్టం సంగతి. టెక్సస్‌లో కయోటీ వేటకు ఫలానా కాలం, ఇన్నే అన్న పరిమితి లేవు. మందపై పడుతున్న కయోటీని, లేదా ఇటీవలే పడినదాన్ని, నేల యజమాని హంటింగ్ లైసెన్సు లేకుండానే కాల్చవచ్చు. అయినా లైసెన్సు తీసుకోండి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ కోర్సు కూడా పూర్తిచేయాలి. తుపాకీ పట్టని మీకు ఆ చదువు చట్టం కోసం కాకపోయినా అవసరమే. తూటా మీ హద్దు దాటితే నేరం. పక్క రాంచ్‌లోకి వెళ్లాలంటే ఆయన అనుమతి రాయించుకోండి. మీ నేల పట్టణ పరిధిలోకి వస్తుందేమో షెరీఫ్ కార్యాలయంలో అడగండి. రాత్రి వేటకు వెళ్తే ముందుగా గేమ్ వార్డెన్‌కు (వేట చట్టాలు చూసే అధికారికి) ఒక మాట చెప్పి వెళ్లండి.

మీ తమ్ముడి విషయం చాలా జాగ్రత్తగా చూడాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు తుపాకీ విషయంలో మామూలు నియమాలే వర్తిస్తాయి. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీని గానీ తూటాను గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఆ లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబర్ 1న తుపాకీ అతని చేతిలో ఉండి, కొత్త లైసెన్సు లేకపోతే వీసాకే ముప్పు. ఇమిగ్రేషన్ లాయర్‌ను అడిగేదాకా అతను తుపాకీ ముట్టకపోవడం మంచిది. తుపాకీ పెట్టె తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి.

ఇక మాటు సంగతి. కొత్తవాళ్లకు ఎలక్ట్రానిక్ కాల్ తేలిక. దాన్ని మీకు 40 గజాల దూరంలో పెట్టి రిమోట్‌తో నడపవచ్చు. అప్పుడు కయోటీ చూపు మీ మీద కాకుండా శబ్దం వైపు ఉంటుంది. నోటితో ఊదేవాటిలో మూసిన రీడ్ (శబ్దం పుట్టించే పలుచని నాలిక గొట్టం లోపలే ఉండే రకం) కాల్‌ను త్వరగా నేర్చుకోవచ్చు. కాటన్‌టెయిల్ కుందేలు చావు అరుపుతో మొదలుపెట్టండి. మొదటి రెండు నిమిషాలు సన్నగా, తర్వాత కొంచెం పెంచుతూ, మధ్యలో ఆపుతూ. జనవరి నుంచి మార్చి దాకా ఇవి జతకట్టే కాలం కాబట్టి, ఒంటరి కయోటీ ఊళ ఒకటి రెండుసార్లు వినిపిస్తే ఇలాకా జంట 'ఎవరిది' అని చూడ్డానికి వస్తుంది. 15 నుంచి 20 నిమిషాలు కదలకుండా కూర్చోండి. రాకపోతే లేచి వచ్చేయండి. 40 ఎకరాల్లో రోజూ పిలిస్తే అవి నేర్చేసుకుంటాయి. వారం పాటు మళ్లీ ఆ చోటికి వెళ్లకండి.

అన్నిటికంటే ముఖ్యం గాలి. పశ్చిమ టెక్సస్‌లోని శాన్ యాంజెలో దగ్గర ఒక ఉదయం నేను మెస్కీట్ చెట్టు మొదట్లో మాటు వేశాను. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకు దాయాదే. మెడ వెనక చల్లగా తగులుతోంది, పట్టించుకోలేదు. అరగంట కూర్చున్నా ఏమీ రాలేదు. తిరిగి వస్తుంటే ఇసుకలో నా బూటు అచ్చుల మీదే దాని అడుగులు కనిపించాయి. కోలగా, బిగుతుగా, మధ్య గోళ్లు రెండూ లోపలికి వాలి ఉన్నాయి. నేను కూర్చున్న చోటికి 60 అడుగుల దాకా వచ్చి, అక్కడ ఆగి, ఒకసారి పక్కకు తొక్కి, తిరిగి వెళ్లిపోయింది. నా మెడ మీదుగా వీచిన గాలే వెళ్లి దానికి నా సంగతి చెప్పింది. పిలుపు విన్న కయోటీ నేరుగా రాదు, గాలివాలుకు చుట్టి వస్తుంది. అందుకని గాలి మీకు పక్కనుంచి వీచేలా కూర్చోండి. కాల్‌కు గాలివాలున ఉన్న ఖాళీ స్థలం మీ కళ్ల ముందు ఉండాలి. అప్పుడు మీ వాసన తగలకముందే అది కనిపిస్తుంది. పొద్దు వెనక ఉండాలి, వెనక పొద గానీ చెట్టు గానీ ఉండాలి, మీరు నీడలో ఉండాలి.

.223 రైఫిల్ సరిపోతుంది. కూర్చుని, కర్రల ఆసరాతో, రేంజ్‌లో బాగా సాధన చేశాకే మాటుకు వెళ్లండి. మొదటి ఏడాది 100 గజాలు దాటి కాల్చకండి. గాయపడి పారిపోయిన జంతువు నరకయాతన పడుతుంది, అలా జరగనివ్వకండి. దాని వెనక మట్టికట్ట గానీ గుట్ట గానీ ఉంటేనే ట్రిగ్గర్ మీద వేలు పెట్టండి. ఆకాశం కనిపిస్తుంటే వద్దు, ఆ తూటా కిలోమీటర్ల దూరం పోగలదు. రాత్రి థర్మల్‌లో (ఒంటి వేడిని బట్టి చీకట్లో చూపించే పరికరంలో) పక్కింటి కుక్కా కయోటీ ఒకేలా కనిపిస్తాయి. చేతి పరికరంతో పోల్చుకోండి, రైఫిల్ ఎత్తి వెతకకండి. మీకు కాపలా కుక్కలుంటే, మేకపిల్ల అరుపు పెడితే అవే ముందు పరుగెత్తుకొస్తాయి. వాటిని దొడ్లో కట్టేశాకే మాటుకు వెళ్లండి. చంపిన కయోటీని ఉత్త చేతులతో ముట్టుకోకండి, రేబిస్ భయం ఉంది. బతికున్నదాన్ని పట్టి బండిలో వేరే చోటికి తరలించడం టెక్సస్‌లో నిషేధం. మాంసంలో విషం కలిపి పెట్టడం కూడా నేరమే.

పని ఏప్రిల్ లోపు ముగించండి. ఆ నెల నుంచి బొరియల్లో పిల్లలుంటాయి, తల్లి పోతే అవి ఆకలితో చస్తాయి.

వేట మీద నాకున్న నమ్మకం ఇంతవరకే. మందను నిలబెట్టేది కాపలా. ఇవాళ్టి నుంచే ఈనబోయే మేకల్ని రాత్రి ఇంటి దగ్గర దొడ్లో వేయండి. మావిని, చచ్చిన పిల్లల్ని పొలంలో వదలకుండా తీసేయండి. ఆ వాసనకే కయోటీ దొడ్డిదాకా అలవాటు పడుతుంది. కంచె పైనుంచి దూకడం కంటే కిందనుంచి తవ్వి దూరడమే ఎక్కువ, కాబట్టి అడుగున బయటి వైపు కరెంటు తీగ ఒకటి లాగండి. గ్రేట్ పిరనీస్ లేదా అనటోలియన్ షెపర్డ్ కుక్కపిల్లల్ని చిన్నప్పటి నుంచే మేకల మధ్య పెంచితే మందను తమదనుకుంటాయి. కాపలాకు దిగడానికి మాత్రం ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. శాన్ యాంజెలోలోని టెక్సస్ ఏ అండ్ ఎం అగ్రిలైఫ్ కేంద్రంలో ఈ కుక్కల మీద ప్రత్యేకంగా పని జరుగుతోంది, వాళ్లను సంప్రదించండి. అందాకా ఒక ఆడ గాడిదను మందలో వదలండి. పాలమూరు నుంచి వలస పోయే కాపరులు గాడిద మీద సామాను వేసుకుంటారు, ఇక్కడ అదే గాడిద కయోటీని తరిమి తన్నుతుంది. ఒకటే ఉంచండి. రెండుంటే వాటి స్నేహం వాటిదే, మేకల్ని పట్టించుకోవు.

ఈలోగా ఇంకో పిల్ల చనిపోతే, ఒలిచిన గొంతు ఫోటో ఒకటి, గాట్ల పక్కన స్కేలు పెట్టి ఇంకోటి, చుట్టుపక్కల మట్టిలో అడుగుల ఫోటో ఒకటి తీసి పంపండి. అవి చూశాకే మాటు ఎక్కడ వేయాలో చెబుతాను.