నాలుగో మెష్ యూనిట్ కొనేముందు ఒకసారి ఇల్లంతా నడిచి చూడండి

ఇల్లంతా ఒకే వైఫై అందించడానికి మూడు మెష్ యూనిట్లు పెట్టినా, వైఫై మీద మాట్లాడుతూ హాల్లోంచి మేడ మీదికి వెళ్లేసరికి కాల్ తెగిపోతోందని రాశారు. ఏ గదిలో కూర్చున్నా వేగం మాత్రం బాగానే ఉందన్నారు. నాలుగో యూనిట్ కొనమంటారా అని అడిగారు. వద్దు. నేను ఆ పని చేసి చూశాను. అంతవరకు మెట్ల దగ్గరే తెగే కాల్, నాలుగోది వచ్చాక మేడ మీది నడవాలో కూడా తెగడం మొదలైంది.

కూర్చుంటే బాగుంది, నడిస్తేనే తెగుతోంది అన్నారు కదా, అసలు ఆచూకీ అక్కడే ఉంది. సిగ్నల్‌కు లోటు లేదు. ఫోను ఒక యూనిట్‌ను వదిలి ఇంకొకదాన్ని పట్టుకునే ఆ క్షణంలో ఏదో బెడిసికొడుతోంది. ఎప్పుడు వదలాలో, దేన్ని పట్టుకోవాలో రౌటరే చూసుకుంటుందని నేను చాలాకాలం అనుకున్నాను. కాదు, వైఫైలో ఆ నిర్ణయం ఫోనుదే. మెష్ సలహా ఇవ్వగలదు, మరీ మొండికేస్తే ఫోనును బయటికి గెంటగలదు, అంతకుమించి దాని చేతిలో ఏమీ లేదు.

ఫోన్లది ఉడుంపట్టు. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు. అంకె ముందు మైనస్ ఉంటుంది కాబట్టి సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. యూనిట్ పక్కనే నిలబడితే -35 దాకా కనిపిస్తుంది, -65 దగ్గర మాట ఇంకా స్పష్టంగానే ఉంటుంది, -80కి దిగితే ముక్కలు ముక్కలవుతుంది. ఆపిల్ తన పత్రాల్లో ఇచ్చిన లెక్క ప్రకారం ఐఫోన్ -70 దాటి పడిపోయేదాకా కొత్త యూనిట్ కోసం వెతకనే వెతకదు. వెతికినా, కాల్ నడుస్తున్నప్పుడు కొత్తది పాతదానికంటే కనీసం 8 డెసిబెల్స్ బలంగా ఉంటేనే మారుతుంది. ఇతర కంపెనీల ఫోన్లకు వాటి లెక్కలు వాటికున్నాయి. అందుకే ఒకే ఇంట్లో, ఒకే మెట్టు మీద, ఒకరి ఫోను తెగుతుంది, పక్కవాళ్లది తెగదు.

కాబట్టి ముందు చేయాల్సింది కొనడం కాదు, కొలవడం. పింగ్ అంటే ఒక చిరునామాకు (ఐపీ అడ్రస్‌కు) చిన్న పలకరింపు పంపి, జవాబు వస్తుందా, ఎంతసేపట్లో వస్తుందో చూడడం. అది చేసే యాప్‌లు ఫోనుకు ఉచితంగానే దొరుకుతాయి. ఒకసారి మీ మెష్ ప్రధాన యూనిట్ చిరునామాకు, ఇంకోసారి బయటి చిరునామాకు, ఉదాహరణకు 8.8.8.8కి, పింగ్ పెట్టుకుని కాల్ తెగే దారిలోనే నెమ్మదిగా నడవండి. పరీక్ష చేస్తున్నంతసేపూ మొబైల్ డేటా ఆపేయండి. వైఫై బలహీనపడగానే ఫోను చప్పుడు చేయకుండా డేటాకు మారిపోయి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ల్యాప్‌టాప్‌తో చేస్తే ఫలితం వేరేగా రావచ్చు, తెగేది ఫోనైతే ఫోనుతోనే చేయండి.

నేను ప్రతి మెట్టు మీదా ఆగి తెర చూసుకుంటూ ఎక్కుతుంటే ఇంట్లో వాళ్లు నాకేదో అయిందనుకున్నారు. ఏడో మెట్టు దగ్గర మెష్‌కు పింగ్ ఆగిపోయింది. అయిదు సెకన్లు, పది సెకన్లు గడిచినా తిరిగి రాలేదు. వైఫై గుర్తు మాత్రం నిండుగా ఉంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ వివరాలు తెరిస్తే, కింద హాల్లో 192.168.10.14గా ఉన్న ఫోను చిరునామా 192.168.1.37 అయి కూర్చుంది. అంటే ఫోను మెష్‌లో ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కు మారలేదు, మెష్‌నే వదిలేసి వేరే నెట్‌వర్క్‌లోకి వెళ్లిపోయింది.

ఆ వేరే నెట్‌వర్క్ మెట్ల కిందే ఉంది. ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చిన పెట్టె అది. దానిలోనూ వైఫై ఉంటుంది. మెష్ పెట్టిన రోజు, ఇంట్లో ఉన్న పరికరాలన్నిటిలోనూ పాస్‌వర్డ్ మళ్లీ కొట్టే బాధ తప్పుతుందని, ఆ పెట్టె పేరూ పాస్‌వర్డూ ఉన్నవి ఉన్నట్టే మెష్‌కూ పెట్టాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను కూడా. పెట్టె వైఫైని ఆపడం మాత్రం మరిచాను. పేరు ఒకటే, పాస్‌వర్డ్ ఒకటే కాబట్టి అదీ మన ఇంటిదే అనుకుని ఫోను నిశ్చింతగా దూకేసేది. కానీ పెట్టె ఒక వరస చిరునామాలు పంచుతుంటే, దాని వెనక ఉన్న మెష్ ఇంకో వరస పంచుతోంది. కాల్ ఫోను చిరునామాకు ముడిపడి ఉంటుంది. చిరునామా మారగానే అవతలి నుంచి వచ్చే మాట పాత చిరునామాకు వెళ్లి అక్కడే ఆగిపోతుంది.

మీ ఇంట్లో కూడా ఇదే ఉండే అవకాశం ఎక్కువని నా అనుమానం. మెట్ల అడుగున ఒకసారి, కాల్ తెగిన వెంటనే ఇంకోసారి చిరునామా చూడండి. చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల్లో మూడోది మారితే (నా ఫోనులో 10 కాస్తా 1 అయినట్టు) దొంగ దొరికినట్టే. పెట్టెలో వైఫై ఆపేయండి. దానితో పాటు చిరునామాలు పంచే పని ఇంట్లో ఒక్కదానికే అప్పగించండి: పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టడమో (అప్పుడు మెష్ పంచుతుంది), మెష్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడమో (అప్పుడు పెట్టె పంచుతుంది), రెంటిలో ఒకటి. రెండూ చేస్తే పంచేవాళ్లే ఉండరు.

చిరునామా మారకపోతే పింగ్ ఏం చెబుతోందో చూడాలి. సిగ్నల్ -80 దాకా జారి, పింగ్ రెండు మూడు సెకన్లు తెగి, దానంతటదే తిరిగి వస్తే అది ఉడుంపట్టు. మెష్‌కు పింగ్ ఒక్కటి కూడా తెగకుండా బయటి చిరునామాకు మాత్రమే తెగితే మెష్‌ను వదిలేసి కనెక్షన్ ఇచ్చినవారిని అడగండి. తెగకుండా, 5 మిల్లీసెకన్లలో వచ్చే జవాబు హఠాత్తుగా 300కి, 400కి ఎక్కుతుంటే యూనిట్లకు యూనిట్లకు మధ్య లంకె సరిగా లేదు. నా నాలుగో యూనిట్ జబ్బు సరిగ్గా అదే.

ఫోనులో కనిపించే గీతలు ఫోనుకూ దగ్గరి యూనిట్‌కూ మధ్య బలాన్ని మాత్రమే చెబుతాయి. ఆ యూనిట్ తన వంతు సిగ్నల్‌ను ఎంత కష్టపడి తెచ్చుకుంటోందో చెప్పవు. నా నాలుగోది మేడ మీది యూనిట్ నుంచి గాలిలో అందుకునేది, ఆ మేడ మీదిదేమో కింది దాని నుంచి గాలిలో అందుకునేది. అందుకున్న రేడియోతోనే ముందుకు పంపాల్సివస్తే ప్రతి అంచెలోనూ వేగం దాదాపు సగానికి పడిపోతుంది. ఫోను మాత్రం నిండు గీతలు చూసి మురిసిపోయి దాన్నే అంటిపెట్టుకునేది. నాలుగోదాన్ని పీకేశాక నడవా బాగుపడింది. ఎక్కువైతే మంచిదే కదా అన్న నా లెక్క అక్కడ తప్పింది.

చాలామంది యూనిట్‌ను సిగ్నల్ అందని గదిలోనే పెడతారు. అందని చోట దానికి మాత్రం ఏం అందుతుంది? ప్రధాన యూనిట్‌కూ ఆ గదికీ మధ్యలో, సిగ్నల్ ఇంకా గట్టిగా ఉన్నచోట పెట్టాలి. మా మేడ మీదిది నిలువుటద్దం ఉన్న బీరువా వెనక ఉండేది. చూడ్డానికి బాగుంటుందని అక్కడ దాచాం. అద్దం వెనక లోహపు పూత, బీరువాది ఇనుప రేకు, గోడలో ఇనుప చువ్వలు. మూడూ కలిసి సిగ్నల్‌ను మింగేశాయి. దాన్ని మెట్లకు ఎదురుగా ఉన్న బల్ల మీదికి మార్చాక, అదే మెట్టు మీద -74 ఉన్న అంకె -58 అయింది. ఖర్చేమీ లేదు, బీరువా వెనక దుమ్ము దులుపుకోవడం తప్ప.

వీలుంటే మేడ మీది యూనిట్‌కు కేబుల్ లాగండి, దానికి సాటి వచ్చే మందు లేదు. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా సెకనుకు 1 గిగాబిట్ మోస్తుంది, ఇంటికి అది చాలు. అయితే ఆ వేగానికి లోపలి ఎనిమిది తీగలూ సరిగా తగలాలి. నేను కొసన కనెక్టర్ సొంతంగా బిగించాను, ఒక తీగ సరిగా కూర్చోలేదు. లంకె 100 మెగాబిట్ దగ్గర ఆగిపోయింది. నెట్ వస్తూనే ఉంది కాబట్టి వారం రోజులు గమనించనే లేదు. మెష్ యాప్‌లో ఆ యూనిట్ లంకె వేగం ఎంతని చూపిస్తోందో చూసుకోండి.

ఇక సెట్టింగ్స్. ఫాస్ట్ రోమింగ్ అనో, 802.11 కె, వి, ఆర్ అనో కనిపిస్తే ఆన్ చేయండి. చుట్టుపక్కల ఏయే యూనిట్లు ఉన్నాయో కె ఫోనుకు జాబితా ఇస్తుంది, ఎటు మారితే మంచిదో వి సలహా చెబుతుంది, కొత్త యూనిట్ దగ్గర భద్రతా తాళాలు మార్చుకునే తతంగం మొదటి నుంచి జరగకుండా ఆర్ తగ్గిస్తుంది. ఇది ఆన్ చేయగానే మా పాత ప్రింటర్ నెట్‌వర్క్‌లోంచి మాయమైంది. ఆర్ అంటే దానికి గిట్టలేదు. దాని కోసం 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో విడిగా ఒక నెట్‌వర్క్ పెట్టాల్సి వచ్చింది.

ప్రసార బలం తగ్గించే వీలుంటే, ముఖ్యంగా 2.4లో, ఒక మెట్టు తగ్గించి చూడండి. వినడానికి తలకిందులుగా ఉంటుంది కానీ పనిచేస్తుంది. యూనిట్‌ది మైకులో మాట్లాడే గొంతు, చివరి వరసదాకా వినిపిస్తుంది. ఫోనుది మామూలు గొంతు, అక్కడి నుంచి వేదిక మీదికి వినిపించదు. మైకు వినిపిస్తోంది కదా అని ఫోను ఆ వరసలోనే కూర్చుండిపోతుంది.

ఒకవేళ మీరు కదలకుండా కూర్చున్నప్పుడు కూడా అన్ని గదుల్లో ఒకేసారి నిమిషం పాటు 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వైఫై పోయి వస్తుంటే, అది వేరే కథ. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్లలో రాడార్లకే మొదటి హక్కు. రాడార్ జాడ వినిపిస్తే రౌటర్ ఖాళీ చేయాలి. అదే కోవలోని ఇంకో ఛానల్‌కు వెళ్తే మొదలుపెట్టేముందు కనీసం 60 సెకన్లు చెవి ఒగ్గి వినాలి. 36 నుంచి 48 మధ్యకు మారితే ఆ గొడవ ఉండదు.

ఇప్పుడు మా ఏడో మెట్టు దగ్గర పింగ్ ఒకటి పోతుంది, ఒక్కోసారి అదీ పోదు. మాటలో చిన్న మింగుడు వినిపిస్తుంది, కాల్ నిలుస్తుంది. ముందు హాల్లోనూ, తెగిన చోటా కనిపించిన రెండు చిరునామాలు ఇక్కడ రాయండి. యూనిట్లలో ఏవి కేబుల్ మీద ఉన్నాయో, ఏవి గాలి మీద ఉన్నాయో కూడా చెప్పండి. అవి చూశాక తర్వాత ఏది కదపాలో ఆలోచిద్దాం.