ప్రశ్నలు – జవాబులు: ఖర్చు లేని గ్రాఫిక్స్ లైబ్రరీ ఏది?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. అరసవల్లి ఆలయంలో మార్చి, అక్టోబరు నెలల్లో సూర్యకిరణాలు స్వామివారి పాదాలను తాకే తీరును త్రీడీలో చూపడం నా ప్రాజెక్టు. ల్యాబులో నేర్పినది టర్బో సీ గ్రాఫిక్స్ మాత్రమే. గ్రాఫిక్స్ లైబ్రరీ (బొమ్మలు గీసే సిద్ధ ఫంక్షన్ల సంకలనం) కొనే స్తోమత లేదు. ఉచితమైనవాటిలో ఏది మేలు? తరువాత ప్రోగ్రామును అమ్ముకోవచ్చునా?
– ఒక విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: టర్బో సీ గ్రాఫిక్స్ డాస్ కాలం నాటివి, 640×480 చుక్కలు, 16 రంగులతో గీతలు, వృత్తాలు గీయడం వరకే వాటి సత్తా కనుక ఈ పనికి వాటిని వదిలివేయడమే మంచిది. త్రీడీ బొమ్మలను తెరపై గీయించే ప్రామాణిక ఆదేశాల సముదాయమైన ఓపెన్‌జీఎల్‌ను వాడుకోవడానికి ప్రోగ్రామరు ఎవరికీ రుసుము చెల్లించనక్కరలేదు. కాని దానితో నేరుగా పని మొదలుపెడితే, గర్భగుడి గోడ ఒక్కటి తెరపై కనిపించేసరికే మీ సెమిస్టరు సగం గడిచిపోతుంది.

మీకు తగినది రేలిబ్. 2013లో బోధన కోసమే మొదలైన ఈ సీ లైబ్రరీ ఓపెన్‌జీఎల్‌పైనే నడుస్తూ, కెమెరా, త్రీడీ ఆకృతులు, కిరణం ఒక వస్తువును ఎక్కడ తాకిందో లెక్కించే ఫంక్షన్లు అన్నీ సిద్ధంగా అందిస్తుంది. అయితే నీడలను తనంతట తాను వేయదు. నీడల జోలికి పోకుండా, ఆలయ ద్వారాల కొలతలు, సూర్యుని దిశ తీసుకుని కిరణం చేరే చోటును లెక్కకట్టి గీయండి. ఆ రెండు కాలాల్లోనూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖను ఆకాశంలోకి పొడిగిస్తే వచ్చే రేఖకు) సుమారు 4 డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు కనుక ఒకే లెక్క రెంటికీ దాదాపు సరిపోతుంది. నిజానికి ఈ ప్రాజెక్టుకు ప్రాణం ఆ లెక్కే, బొమ్మ కాదు.

ల్యాబులోని కంప్యూటర్లలో గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా, లినక్స్‌లో ఉండే మెసా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌జీఎల్ పనిని ప్రాసెసరుతోనే చేయించగలదు. కాకపోతే వేగం తగ్గుతుంది.

ఇక అమ్మకం సంగతి. ఉచితమైనవన్నీ ఒకే షరతులతో రావు. రేలిబ్, ఎస్‌డీఎల్ 2 అనే మరో ఉచిత లైబ్రరీ రెండూ జీలిబ్ (zlib) అనే లైసెన్సులోనివి. మీ సోర్స్ కోడ్‌ను బయటపెట్టకుండానే ప్రోగ్రామును అమ్ముకోవచ్చు, లైబ్రరీని మీరే రాశారని మాత్రం చెప్పుకోకూడదు. జీపీఎల్ అనే లైసెన్సులోని లైబ్రరీని కలిపితే, ప్రోగ్రామును ఇచ్చినవారికి మీ కోడ్‌ను కూడా అదే లైసెన్సుపై ఇవ్వవలసి ఉంటుంది. అందువల్ల ఏ లైబ్రరీనైనా దించుకున్న వెంటనే అందులోని లైసెన్సు ఫైలును చదివి, ఆ లైసెన్సు పేరును ప్రాజెక్టు రిపోర్టులో రాసి ఉంచండి.